ఒక్కపొద్దు నెల, ఫ్రీజర్ నిండా శనగలు

దేశంలో కంప్యూటర్లు ఆగిపోకుండా చూడటం మా ఆయన ఉద్యోగం. ఆ మనిషే ఒక శనివారం నల్ల శనగల మూట భుజాన వేసుకొచ్చి గరాజ్‌లో ధబ్బున దించాడు.

“ఇదేంటికి ఇప్పుడు?” అన్నాను.

“ఎందుకైనా మంచిది, ఉండనీ,” అన్నాడు నా మొహం చూడకుండా.

అది తొంభైతొమ్మిదో సంవత్సరం. రెండువేలు రాగానే పాత ప్రోగ్రాములన్నీ తేదీ తెలియక తికమకపడతాయని, కరెంటు పోతుందని, నీళ్ళు రావని సిడ్నీ అంతా ఒకటే గోల. గిరావీన్‌లో మా పక్కింటివాళ్ళు కొవ్వొత్తులూ డబ్బా తిండీ తెచ్చి పెట్టుకుంటున్నారు. ఆ ప్రోగ్రాములు సరిచేయడానికే మా ఆయన్ని కర్నూలు నుంచి వీసా ఇచ్చి మరీ పిలిపించారు. పొద్దున పారమట్టాలో ఆఫీసుకు వెళ్తే మళ్ళీ దీపాలు పెట్టాకే ఇల్లు చేరేవాడు. బాగుచేసేవాడికే నమ్మకం లేకపోతే ఇంక ఎవరికి ఉంటుందని నేను నవ్వాను. “నా ప్రోగ్రాములు ఓకే. పక్కోడివి నాకేం తెలుసు?” అన్నాడు.

మూట వచ్చింది, ఇంట్లో కూర్చుంది. సరే, ఆ ఏడాది రంజాన్ డిసెంబర్లో పడింది కదా, వీటికో దారి చూపిద్దామనుకున్నాను. మేము దూదేకులవాళ్ళం. మా ఇళ్ళలో తెలుగే మాట్లాడతాం, రోజాని ఒక్కపొద్దు అంటాం, సాయంత్రం ఖర్జూరం తర్వాత శనగ గుగ్గిళ్ళు లేకుండా ఒక్కపొద్దు విడవం. నాకూ పారమట్టాలోనే ఉద్యోగం. ఇంటికొచ్చి శనగలు నానబెట్టుకుని, ఉడకబెట్టుకుని కూర్చుంటే పొద్దు ఆగదు. నెల మొత్తానికీ ముందే ఉడికించి ఫ్రీజర్లో పెట్టేస్తే పోతుంది.

నవంబర్లో వారాంతాలన్నీ అదే పని. శుక్రవారం సాయంత్రం బకెట్లో నానబోయడం, శనివారం కుక్కర్ మీద కుక్కర్ దించడం. ఒక విజిల్ ముందే ఆపేయాలి, లేకపోతే తర్వాత వేడిచేసినప్పుడు పిండి అయిపోతాయి. నీళ్ళు పూర్తిగా వంచేసి, పాత చీర మీద పరిచి, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. తడి ఉంటే మంచు పడుతుంది. ఆరాక జిప్ సంచుల్లో పోసి, అరచేత్తో పలకలా చదును చేసి, గాలి తీసి మూతి బిగించి, గడ్డకట్టాక పుస్తకాల్లా ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టాలి. ఎవరో ఇల్లు మారుతూ వదిలేసిన పెట్టె ఫ్రీజర్ మా గరాజ్‌లో ఉండేది. మూత సరిగ్గా పడక పైన ఇటుక పెట్టేవాళ్ళం. అందులో నా శనగ పలకలు వరసగా నిలబడి ఉంటే చూసుకుని మురిసిపోయేదాన్ని.

మా అత్తకు మాత్రం ఒళ్ళు మండేది. విజిటర్ వీసా మీద ఆ ఆగస్టులో, ఇక్కడి చలికాలంలో వచ్చింది. ఒక్కపొద్దుల విషయంలో ఆమె అంత నిష్ఠ నేనెక్కడా చూడలేదు. కూరలో ఉప్పు సరిపోయిందో లేదో నాలుక చివర పెట్టి చూసి ఉమ్మేస్తే ఒక్కపొద్దు పోదని చాలామంది అంటారు. మా అత్త ముందు ఆ మాట అంటే అయిపోయామే. ఆ నెలంతా మా ఇంట్లో ఉప్పు చేతి లెక్కే, ఎక్కువైనా తక్కువైనా సాయంత్రం అందరూ కలిసి తెలుసుకోవడమే.

“ఉడికినేదాన్ని గడ్డ కట్టిచ్చి మళ్ళా ఉడికిచ్చేదేందిమే? తినే తిండా, శవమా అది?” అనేది నా పేర్పు చూసి.

నేను పట్టించుకోలేదు. నా భయాలు వేరే ఉన్నాయి.

రంజాన్ నెలవంక చూసేనాటికి నాకు మూడో నెల నడుస్తోంది. అంతకుముందు రెండుసార్లు నిలవలేదు. ఒకటి కర్నూల్లో పోయింది, ఇంకోటి ఇక్కడికి వచ్చిన కొత్తల్లో. రెండుసార్లూ ముందే అందరికీ చెప్పుకున్నాం, తర్వాత ఆ అందరి పరామర్శలూ భరించాం. ఈసారి డాక్టరమ్మ పస్తులు వద్దంది, బయటి తిండి వద్దంది, పాచిదీ పులిసిందీ అసలే వద్దంది, చెప్పి చెప్పి నా చేత ఒప్పించుకుంది. మూడో నెల నిండేదాకా ఎవరికీ చెప్పకూడదని మా ఆయనా నేనూ అనుకున్నాం. అత్తకు కూడా చెప్పలేదు. ఆమెకు తెలిస్తే కర్నూలుకు ఫోన్ వెళ్తుంది, కర్నూలుకు వెళ్తే ఊరందరికీ తెలుస్తుంది.

అందుకని తెల్లవారుజామున అందరితో లేచి సహరీ తినేదాన్ని, పగలంతా ఒక్కపొద్దున్నట్టు తిరిగేదాన్ని. ఆఫీసు రోజుల్లో ఫర్వాలేదు. శని, ఆదివారాల్లో మాత్రం గరాజ్‌లో కార్టన్ల వెనక నిలబడి దొంగలా రొట్టె నమిలేదాన్ని. నా కడుపులో బిడ్డ కోసం నేను తింటున్న తిండికి నాకే సిగ్గేసేది. ఆ సిగ్గు మీద కోపం కూడా వచ్చేది.

ఇఫ్తార్ మా ఇంట్లో పెట్టుకుందామని మా ఆయనే మాటిచ్చాడు. గిరావీన్ చుట్టుపక్కల హైదరాబాదు కుటుంబాలు చాలా ఉండేవి, వారానికొకరి ఇంట్లో ఇఫ్తార్. మా ఉర్దూ విని వాళ్ళు నవ్వు ఆపుకునేవాళ్ళు. “మీ ఇంట్లో తెలుగే మాట్లాడుతరా?” అని ఎంత మర్యాదగా అడిగినా అందులో ఇంకేదో ప్రశ్న ఉందని నాకు అనిపించేది. మా వంతు వచ్చినప్పుడు లోటు రాకూడదని పట్టుదల నాకూ ఉంది. ఇంతమందికి గుగ్గిళ్ళా, గరాజ్‌లో సిద్ధంగా ఉన్నాయి, నాకేం భయం అనుకున్నాను.

డిసెంబర్ ఇక్కడ నడి ఎండాకాలం, ఆ బుధవారం ఎండ మండిపోయింది. సాయంకాలం మబ్బు కమ్మి, ఉరుములూ మెరుపులతో వడగళ్ళ వాన. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా చీకటి. పిడుగు పడితే సామాన్లు కాలిపోతాయని మా అత్త ఇంట్లో ప్లగ్గులన్నీ పీకేసి, గోడకు దూరంగా కూర్చుని తస్బీ పూసలు తిప్పుతోంది. మన ఊళ్ళలో ఉరిమితే ఎవరైనా చేసే పనే. నేను వంటింట్లోవీ హాల్లోవీ మళ్ళీ పెట్టేశాను. గరాజ్ సంగతి ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. వారానికి సరిపడా శనగలు ఆదివారమే ఇంట్లో ఫ్రిజ్‌లోకి తెచ్చుకోవడం నా అలవాటు, కాబట్టి నాకు అటు వెళ్ళే పని కూడా లేకపోయింది.

శనివారం. ఇఫ్తార్ మా ఇంట్లో. మా ఆయన్ని ప్రోగ్రాము పరీక్షలో ఏదో తప్పు వచ్చిందని పొద్దున్నే ఆఫీసుకు పిలిచారు. సాయం చేయడానికి హైదరాబాదు ఆంటీ ఒకావిడ ముందే వచ్చింది. ఆ కుటుంబాలన్నిటికీ ఆమే పెద్ద, ఏ ఇంట్లో ఏం జరిగినా ఆమె నోటి మీదుగానే మిగతా ఇళ్ళకు చేరేది. మా అత్త స్టూలు మీద కూర్చుని పుచ్చకాయ కోస్తోంది. నేను గరాజ్‌లోకి వెళ్ళి, ఇటుక దించి, ఫ్రీజర్ మూత ఎత్తాను.

పలకలు పలకల్లా లేవు.

గడ్డకట్టే ఉన్నాయి, చేతికి చల్లగా గట్టిగా తగిలాయి. కానీ నిలబెట్టిన సంచులన్నీ నడుము విరిగినట్టు వంగి, శనగలన్నీ అడుగు మూలకు జారి, అక్కడ ముద్దగా బిగుసుకున్నాయి. ఆ మూలల్లో మురికి రంగు మంచు. నేను నీళ్ళు వంచి ఆరబెట్టిన శనగల్లో నీళ్ళెక్కడివి? ఒకసారి పూర్తిగా కరిగి, మళ్ళీ గడ్డకట్టాయన్నమాట. కొన్ని సంచులు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాను.

మా ఆయనకు ఫోన్ చేశాను. “ప్లగ్గా? నిన్న పొద్దున కారు తీస్తుంటే ఊడిపోయి ఉండాది, నేనే పెట్టినా. ఆఫీస్‌కి లేట్ అవుతాందని నీకు చెప్పలే,” అన్నాడు. బుధవారం సాయంత్రం నుంచి శుక్రవారం పొద్దుటి దాకా, ఆ ఎండకి రేకుల తలుపున్న గరాజ్‌లో, మూత పడని పెట్టెలో ఉన్నాయి నా శనగలు.

నేను ఫోన్ పెట్టేసి వంటింట్లోకి వచ్చేసరికి ఆంటీ సంచులు గిన్నెలోకి వంచేసి, నీళ్ళు పోసి, పొయ్యి మీద ఎక్కించేసింది. నేను లోపలికి తెచ్చిపెట్టి ఫోన్ దగ్గరికి పోవడమే తప్పయింది.

“వద్దు ఆంటీ, ఇవి పాడైనట్టున్నాయి,” అని జరిగిందంతా చెప్పాను. మా అత్త చేతిలో కత్తి ఆగింది. తలెత్తలేదు.

“అరే, ఏమైతది? మళ్ళ గడ్డకట్టినయి గదా. మంచిగ మసలపెడితే అంతా పోతది,” అంది ఆంటీ. గిన్నె మీదికి వంగి వాసన చూసింది. “నాకేం వస్తలేదు. నువ్వు చూడు.”

చూశాను. కడుపులో తిప్పింది. కానీ ఆ రోజుల్లో నాకు ఉల్లిపాయ వాసనకూ తిప్పేది, సబ్బు వాసనకూ తిప్పేది, మా ఆయన చొక్కా వాసనకు కూడా తిప్పేది. నా ముక్కును నేనే నమ్మలేని పరిస్థితి. ఇది శనగల వాసనా, నా వేవిళ్ళా?

“పారేద్దాం ఆంటీ,” అన్నాను.

“రంజాన్ల తిండి పారేస్తరా? ఇంతమంది వస్తున్నరు, ఏం పెడ్తవ్? పచ్చివి ఇప్పుడు నానబెడితే అయితయా?” నిజమే, అవవు. ఆమె నా దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. “నాది రోజా, మీ అత్తమ్మది రోజా. నీకు గిట్ల ఇప్పుడు నమాజు లేదా? ఉంటే సిగ్గేంటికి, జర నోట్లేసుకొని చూసి చెప్పు.”

ఆడవాళ్ళం ఒకరినొకరం అలాగే అడుగుతాం. నెలసరి రోజుల్లో ఒక్కపొద్దు ఉండదు కాబట్టి, అలాంటివాళ్ళు ఇంట్లో ఒకరుంటే రుచి చూసే పని వాళ్ళది. మామూలు ప్రశ్నే. నాకు మాత్రం ఏ జవాబు చెప్పినా చిక్కే. అవును, నమాజు లేదంటే గరిటె నా చేతికొస్తుంది, పులిసిందేమో అనుకుంటున్నదాన్ని నేనే తినాలి. కాదు, నాదీ రోజానే అంటే గిన్నె పొయ్యి మీదే ఉంటుంది, పొద్దు వాలాక పిల్లలూ ముసలివాళ్ళూ అవే తింటారు. నిజం చెప్తే ఆ రాత్రికే గిరావీన్ అంతా నా కడుపు గురించి మాట్లాడుకుంటుంది. ఈసారి కూడా నిలవకపోతే మళ్ళీ ఆ పరామర్శలన్నీ వినే ఓపిక నాకు లేదు.

ఏడుపొచ్చింది. శనగల మీద, మూట మోసుకొచ్చిన మా ఆయన మీద, ఎదురుగా తలొంచుకుని పుచ్చకాయ గింజలు ఏరుతున్న అత్త మీద కోపం ముంచుకొచ్చింది. ప్లగ్ పీకింది ఎవరు? ఒక్క మాట మాట్లాడదేం?

“నువ్వు చెప్పకుంటే నేను పోపు పెట్టేస్తున్న,” అంది ఆంటీ.

ఇంతమందికి జబ్బు చేస్తే? ఒక్క గింజ. కొరికి ఉమ్మేస్తాను, నోరు కడిగేస్తాను, ఏమవుతుంది, ఏమీ కాదు. ఇలా నాకు నేనే చెప్పుకుంటూ చెంచాతో ఒక శనగ తీశాను. ఊది చల్లార్చాను. డాక్టరమ్మ మొహం గుర్తొచ్చింది. పెదాల దాకా తెచ్చాను.

మణికట్టు మీద దెబ్బలాంటి పట్టు. మా అత్త. పుచ్చకాయ చేతులతోనే పట్టుకుంది.

“నా కోడలు ఒక్కపొద్దుండాది,” అంది ఆంటీ వైపు చూసి. నావైపు చూడలేదు. “దాన్ని ఏంటికి చూడమంటావ్? పెద్దదాన్ని నేను లేనా?”

చెంచా నా చేతిలోంచి లాక్కుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. నిదానంగా, రెండు దవడలతో నమిలింది. నాలుక చివరి రుచి కూడా ఒప్పుకోని మనిషి. ఆమె మొహం ముడుచుకుంది. సింకులో ఉమ్మేసి, నోరు పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించి, కుళాయి పట్టుకుని నిలబడింది.

“పులిసినాయి,” అంది. గొంతు తడుముకుంటూ, “రసం లోపలికి దిగినాది. నా ఒక్కపొద్దు పోయినాది,” అంది.

ఆంటీ “యా అల్లా” అంటూ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మా అత్త గుడ్డ పట్టుకుని గిన్నె దించి, గుమ్మం దాటి, పెరట్లోని చెత్తడబ్బాలో మొత్తం వంచేసింది. తిరిగొచ్చి, “శనగపిండి ఉండాది కదా, బజ్జీలు ఏద్దాం. గంజి ఎట్లా ఉండాది. రాండి, కూర్చుంటే అయితాదా?” అంది.

మిగిలిన సంచులు తీసేయడానికి అత్తా నేనూ గరాజ్‌లోకి వెళ్ళాం. ఆమె తలుపు మూసింది.

“ఎన్నో నెల?”

దాచి లాభం లేదు. “మూడోది నిండుతాంది అత్తా.”

“ముగ్గుర్ని కన్నదాన్ని. తిరగమోత ఏసినప్పుడంతా నువ్వు బాత్రూమ్‌లోకి పరిగెత్తుతాంటే నాకు తెలీదా? నువ్వే చెప్తావని చూస్తాన్నా.” ఫ్రీజర్ వైపు తిరిగింది. “ఈ వైరు నేనే పీకినా. మళ్ళా పెట్టాలని గుర్తు లేదు. ఆ ఆంటీ ముందర ఒప్పుకునేదానికి నోరు రాలే. నువ్వు ఆ గింజ నోటి దగ్గరికి తెస్తాంటే నా పానం పోయినాది.”

నేను ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. నా వీపు మీద రెండుసార్లు తట్టి, సంచులు నల్లకవర్లో వేయమంది. ఆ సాయంత్రం ఎవరూ గుగ్గిళ్ళ ఊసెత్తలేదు. బజ్జీలు రెండు వాయలు చాలక మూడో వాయి వేశాం. పోయిన ఒక్కపొద్దు అయినా, పొద్దు వాలేదాకా మా అత్త మంచినీళ్ళు కూడా ముట్టలేదు. అందరితో పాటే ఖర్జూరం నోట్లో వేసుకుంది.

చదివేవాళ్ళను బెంగపెట్టడం ఎందుకు, ముందే చెప్పేస్తాను: ఈసారి బిడ్డ నిలిచింది. మా అమ్మాయి జూన్ చివర్లో, ఇక్కడి చలికాలంలో పుట్టింది. రెండువేల సంవత్సరం కూడా ఏ గొడవా లేకుండా వచ్చేసింది, బల్బు ఒక్కసారి కూడా ఆరలేదు. వీసా గడువు అయిపోయి మా అత్త మాత్రం పురుటిదాకా ఉండలేకపోయింది.

వెళ్ళిపోయేముందు, జనవరి చివర్లో, పోయిన ఒక్కపొద్దుకు బదులు ఇంకో రోజు ఉండి తీర్చుకుంటానంది. ఆ వారం ఎండలు దారుణంగా ఉన్నాయి. కర్నూలు వెళ్ళాక చల్లటి రోజుల్లో ఉండొచ్చు కదా అన్నాను. వినలేదు. పండగ అయిపోయిన ఇంట్లో, మేమందరం మామూలుగా తింటూ తాగుతూ ఉంటే, ఆమె ఒక్కతే తెల్లవారుజామున లేచి, పగలంతా ఫ్యాన్ కింద చాప మీద పడుకుని, ఎండిన పెదాలతో దువా చదువుకుంటూ గడిపింది. నేను సెలవు పెట్టి ఆమె పక్కనే ఉన్నాను. నీళ్ళు తాగాలంటే మనసొప్పక వంటింట్లోకి వెళ్ళి తాగేదాన్ని.

పొద్దు వాలింది. ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఖర్జూరం పళ్ళెం ఆమె ముందు పెట్టాను. మగ్రిబ్ నమాజు వేళ కాగానే ఒకటి తీసుకుని, గింజ తీసి, నా నోటి దగ్గర పెట్టింది.

“నువ్వు తిను అత్తా, ఒక్కపొద్దు నీది కదా,” అన్నాను. “నేను మధ్యాన్నం తిన్నా.”

“నువ్వు తిన్నావు లే,” అంది. ఆ రోజంతా నీళ్ళు లేక ఆమె గొంతు గరగరమంటోంది. “లోపల ఉండేదానికి పెడతాన్నా. నేను ఒక్కపొద్దు ఉన్నింది దానికోసమే కదా, అదే విడవాల.”

నేను నోరు తెరిచాను. నేను తినడం అయ్యేదాకా ఆమె నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు.